నర్సింహులు చూపు

మా చిన్నమ్మ దయావతి ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే మా అమ్మకు నవ్వాగేది కాదు. "మా చెల్లె మంది కండ్లు సూస్తది, గదే నౌకరి" అనేది. నిజంగా అంతే. 1974లో పటాన్‌చెరు దగ్గరి ఒక కర్మాగారంలో, మీటర్లు చూస్తూ ముల్లు ఎర్రగీత దాటగానే కేకేసే పనివాళ్ల చూపు ఎటునుంచి ఎటు పోతుందో కనిపెట్టే పరిశోధన మొదలైంది. కంటిపాప మీద మెరిసే దీపపు చుక్కను సినిమా కెమెరాతో తీసేవారు. ఆ ఫిల్మును ఒక్కో బొమ్మ దగ్గర ఆపి, చుక్క ఎటు కదిలిందో గ్రాఫు కాగితం మీద గుర్తుపెట్టడం చిన్నమ్మ పని. సంగారెడ్డి నుంచి బస్సులో నిలబడి వచ్చి, రోజంతా చీకటి గదిలో కూర్చున్నా ఆమెకు పండగే.

రెండు నెలలకు బాయిలరు దగ్గర పనిచేసే నర్సింహులు ఫిల్ము వచ్చింది. అందరి చూపూ ఎడమ మీటరుతో మొదలైతే, ఆయనది కుడి చివర మొదలై ఎడమకు నడుస్తోంది! ఇంజనీరు త్రినాథరావు గారిది కాకినాడ వైపు. గ్రాఫు చూసి మండిపడ్డారు.

"ఫిల్ము తిరగేసి ఎక్కించావమ్మా! ఇంకెన్ని ఇలా పాడుచేశావో. సోమవారంలోగా తేల్చకపోతే అన్నీ చింపేసి వేరే మనిషిని పెట్టుకుంటాను."

చిన్నమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఫిల్ములో నర్సింహులు కుడి కనుబొమ మీద పుట్టుమచ్చ ఉంది. ఫిల్ము తిరగబడి ఉంటే, మనిషికి అది ఎడమ కనుబొమ మీద ఉండాలి. ఆయన అన్నం తింటున్న చోటికి పరుగెత్తింది.

"కాకా, జెర నాదిక్కు సూడు!"

"ఏంది బిడ్డా, నాకేమన్న సంబంధం తెచ్చినవా?"

మచ్చ కుడి కనుబొమ మీదే ఉంది! తప్పు తనది కాదు. మరి ఈయన చూపు ఎదురెందుకు నడుస్తోంది? అప్పుడు గమనించింది. నర్సింహులు ముందు ఉర్దూ పత్రిక పరచి ఉంది. ముద్దకొక వరుస, కుడి నుంచి ఎడమకు చదువుతున్నాడు.

"కాకా, నువ్వు ఏ బడిల సదివినవ్?"

"నైజాం జమానల ఇంకే బడి? ఉర్దూ బడే. తెలుగు సదువరాదు నాకు."

చిన్నమ్మకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఒక్క పరుగున ఇంజనీరు గదికి పోయి, "ఎడమ చివరున్న ఆవిరి మీటరు కుడి చివరికి మార్చి సూడుండ్రి సార్, నాది తప్పయితే మల్ల పనికి రాను" అంది. ఆయన నమ్మలేదు గానీ సోమవారం మార్పించారు. ఆవిరి మీటరు ముల్లు ఎర్రగీత దాటిందో లేదో, ఎప్పుడూ అందరికన్నా ఆలస్యంగా చెప్పే నర్సింహులు అందరికన్నా ముందు కేకేశాడు. చిన్నమ్మ చప్పట్లు కొట్టేసింది!

త్రినాథరావు గారు మీటర్ల దగ్గరికి నడిచారు. వాటిని ఆ వరుసలో పెట్టించింది ఆయనే. ఆరేళ్లుగా నర్సింహులును మందకొడి మనిషని రాస్తున్నదీ ఆయనే.

"ఒక్క గ్రాఫు కూడా చింపక్కర్లేదు దయావతీ" అని, నర్సింహులు వైపు తిరిగారు. "కుడి నుంచి చూస్తానని ఇన్నేళ్లూ ఒక్కమాట చెప్పలేదేమయ్యా?"

నర్సింహులు తెల్లబోయాడు.

"ఏంది సార్, మీరంత ఎడమ దిక్కుకెల్లి సూస్తరా?"