టైర్ల మావయ్య బొటనవేలు

రిమోటుతో నడిచే కార్లంటే పిల్లలాట అనుకునేవాళ్లకు ఒక దండం. అలాంటివాళ్లు ఒక్క ఆదివారం ఆ మట్టి మైదానానికి వచ్చి చూడాలి. మూరెడు కారు మట్టిగుట్ట ఎక్కి గాల్లోకి లేస్తుంది. అవతల దిగేటప్పుడు నేలను పట్టుకుందా బతికిపోయింది, లేదా పల్టీలే పల్టీలు. ఆ పట్టంతా టైర్లలో ఉంది. ఏ మట్టికి ఏ టైర్లో చెప్పగల మనిషి అక్కడ ఒకే ఒక్కడు. ఆయన్ను పెద్దాచిన్నా అందరూ టైర్ల మావయ్య అనేవారు.

వృత్తికి దర్జీ. మీసాలు రాకముందే కత్తెర పట్టాడు. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి, ఉతికాక ఎంత కుంచించుకుపోతుందో చెప్పేసేవాడు. ఫోన్లు బాగుచేసే కొట్లో పనికి కుదిరిన కూతురికి ఈ కార్ల పిచ్చి పట్టాక, ఆ వేళ్లు గుడ్డ మీంచి మట్టి మీదకు వచ్చాయి. రేసుకు ముందు మలుపు దగ్గర గొంతుక్కూర్చుని, బొటనవేలు మట్టిలో నొక్కి కళ్లు మూసుకునేవాడు.

"పైపై తడే, కింద బండరాయి. పొట్టి ముళ్లవి వెయ్యమ్మా" అనేవాడు. లేదా "గుల్లగా ఉంది, పొడుగు ముళ్లు దిగుతాయి" అనేవాడు. టైరు మీద నిలబడే రబ్బరు బుడిపెలను అక్కడ ముళ్లంటారు లెండి.

"కంటిని నమ్మకు. కన్ను టక్కరిది. వేలిని నమ్ము" అని కూతురికి నూరిపోసేవాడు.

ఇంట్లో భోజనాల బల్ల నిండా చక్రాలే. రబ్బరు లోపల స్పాంజి కూర్చి, అంచుకు గమ్ము పెట్టి, ఆరేదాకా దారంతో చుట్టి ఉంచేవాడు. భార్య ఊరుకుంటుందా? "కంచం పెట్టుకోవడానికి చోటు లేదు గానీ, చక్రాలకు మాత్రం లోపల పరుపులు!" అని దెప్పేది. ఆయన నవ్వి కంచం ఒళ్లో పెట్టుకుని తినేవాడు.

ఆయనకు ఒక నియమం ఉండేది. రబ్బరును మెత్తబరిచే మందు ఒకటుంటుంది, ముక్కు పగిలే వాసన. అది కారుకు బిగించబోయే టైర్లకే రాయాలి, బిగించబోయే ముందే రాయాలి. ఊరికే రాస్తే రబ్బరు చెడిపోతుంది. ఈ విషయంలో కూతుర్నయినా సరే కసిరేవాడు.

మరి అంతటి వేళ్లకు ఎవరి దిష్టి తగిలిందో! ఒకరోజు తెల్ల చొక్కాకు కాలరు కుడుతుంటే గుడ్డ మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఎక్కడివా అని చొక్కా అంతా తిరగేసి వెతికాడు. తీరా చూస్తే సూది తన వేల్లోనే దిగి ఉంది. షుగరు నరాలను తినేసిందనీ, పోయిన స్పర్శ తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు.

ఆ మాట ఇంట్లో చెప్పలేదు. "రెడీమేడ్ల కాలంలో దర్జీ ఎవడిక్కావాలి" అని దుకాణం మూసేశాడు. ఓ సాయంత్రం పొయ్యి మీది గిన్నెను ఉత్త చేతుల్తో దించి కింద పెట్టాడు.

"అబ్బో, మీవి ఇనపచేతులండీ! ఇక మసిగుడ్డతో పన్లేదు" అని భార్య నవ్వింది. ఆయనా నవ్వాడు. కూతురు మాత్రం నవ్వలేదు. ఎర్రగా కందిన ఆయన అరచేతుల్ని చూస్తూ ఉండిపోయింది.

దుకాణం పోయాక ఆ మనిషికి మిగిలిన పని టైర్లు చెప్పడం ఒక్కటే. వారమంతా కుర్చీలో కూర్చునే మనిషికి ఆదివారం పొద్దున నడుం నిటారుగా అయ్యేది. అదీ పోతే ఇక ఆదివారమేమిటి, సోమవారమేమిటి? అందుకే మట్టిలో వేలు నొక్కడం మానలేదు. మట్టి రంగు చూసి, ఎండ చూసి, అవతలివాళ్ల కార్లు జారే తీరు చూసి చెప్పేవాడు. చాలాసార్లు సరిపోయేది కూడా. టక్కరి కన్నునే నమ్ముకుని బతికాడు పాపం.

అలా ఫైనల్ రోజు వచ్చింది. అందులో గెలిచిన ఒక్కరే ఆ మైదానం తరఫున పెద్ద పోటీకి వెళ్తారు. ప్రతిసారీ ఊళ్లో బేకరీ నడిపే ఆయనదే గెలుపు, ఈ పిల్లది రెండో స్థానం. ఈసారి పొద్దుటి పరుగుల్లో పిల్లే ముందుంది. పెద్ద పోటీకి వెళ్లాలని ఆమె ఎన్నాళ్లుగా కలలు కంటోందో తండ్రికి తెలియంది కాదు.

ఎండకు నేల గట్టిపడిపోయింది. ఫైనల్‌కు ముందు దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించారు. మట్టి నల్లగా నిగనిగలాడింది. మావయ్య గొంతుక్కూర్చుని బొటనవేలు నొక్కాడు. ఏమీ తెలియలేదు. ఆ వేలు తనది కానట్టే ఉంది. చుట్టూ జనం ఆయన నోటివైపే చూస్తున్నారు. మట్టి నల్లగా ఉంది కదా, తడి లోపలికి దిగే ఉంటుంది అనుకున్నాడు.

కార్లు సిద్ధం చేసుకునే గుడారం కిందికి వచ్చి, "తడి బాగా పట్టిందమ్మా. పొడుగు ముళ్లవే" అన్నాడు.

కారు ముందు వంగి ఉన్న కూతురు తలెత్తి ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. చేతిలో ఉన్నదేదో పెట్టెలో పెట్టేసి, "సరే నాన్నా" అంది.

ఏం చెప్పమంటారు! పైన నీటి పొర, కింద బండరాయి. పొడుగు ముళ్లు దిగడానికి చోటేదీ? మొదటి మలుపులోనే కారు నడుం తిప్పేసింది. గుట్ట దిగుతూ పల్టీ కొట్టింది. లేపి నిలబెడితే మళ్లీ పల్టీ. అందరికన్నా ఆఖరున వచ్చింది.

గెలిచిన బేకరీ ఆయన వచ్చి మావయ్య భుజం తట్టి, "ఏంటి మావయ్యా, ఇవాళ మీ వేలు నిద్రపోయిందా?" అన్నాడు. మంచివాడే, వేళాకోళానికి అన్నాడు.

"టైర్లు సరైనవే. నేనే చెత్తగా తోలాను" అని కూతురు గట్టిగా అంది. ఆ మాట అనేసి, చుట్లు లెక్కపెట్టడానికి పోటీవాళ్లు కారుకు పెట్టిన చిప్పును తిరిగి ఇచ్చి రావడానికి వెళ్లిపోయింది.

సామాను సర్దుదామని ఆయన పెట్టె మూత తీశాడు. గుప్పున మందు వాసన కొట్టింది. పొడుగు ముళ్లవి ఇంకా కారుకే ఉన్నాయి, మరి ఈ వాసన ఎక్కడిది? పాత చొక్కా గుడ్డ మడత విప్పాడు. లోపల పొట్టి ముళ్ల టైర్లు నాలుగూ మందు రాసి తడితడిగా మెరుస్తున్నాయి. తను నోరు తెరవకముందే పిల్ల మట్టిని చూసి వచ్చింది. సరైనవి తీసింది, మందు రాసింది, బిగించబోయింది. అంతలో తను వచ్చి నోరు జారాడు.

కూతురు తిరిగి వచ్చేసరికి ఆయన తెరిచిన పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె బొటనవేలి గోటి కింద నల్లమట్టి కనిపించింది.

"నా వేళ్ల సంగతి ఎప్పుడు తెలిసిందమ్మా?"

ఆమె దాచాలని చూడలేదు. పక్కనే చతికిలబడింది. "గిన్నె దించిన రోజు."

"మరి నీ టైర్లు నువ్వు వేసుకోవద్దూ? పెద్ద పోటీ పోయింది కదే, పిచ్చిదానా!"

"నీ మాట కాదని ఒక్కసారి గెలిచానంటే, ఇక నువ్వు ఇక్కడికి రావు నాన్నా. నాకు తెలుసు."

నిజమే, వచ్చేవాడు కాదు. అంత మనిషీ మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చాడు. నా బతుకు నీకు గుదిబండ అయిందమ్మా అన్నాడు. అలా అనొద్దని ఆమె కూడా ఏడ్చింది. జనం వెళ్లిపోతున్నారు, ఎవరో గుడారం తాళ్లు విప్పుతున్నారు. చాలాసేపటికి ఆయన కళ్లు తుడుచుకుందామని చెయ్యి ఎత్తబోతే అది లేవలేదు. ఎందుకా అని కిందికి చూశాడు. కూతురు ఆయన వేళ్లను తన రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆయనకు తెలియదు.