తెనాలిలో కొన్న డ్రిల్లు

బాపట్లలో జనార్దనరావు గుమాస్తాగారికి రేడియోలు తయారుచేసే పిచ్చి. ఆఫీసు నుంచి రాగానే లుంగీ చుట్టుకుని పెరటి పాకలో దూరేవాడు. పాకలోంచి పాట వినబడితే ఆ పూట ఇల్లు ప్రశాంతం. టప్పున చప్పుడు వినబడిందంటే మాత్రం అతని భార్య వెంకటసుబ్బులు పొయ్యి మీది గిన్నె దించేసి, గోడకు ఆనుకుని నిలబడేది.

చేతి డ్రిల్లుతో రేకుకు బెజ్జం వేస్తుంటే దాని కొసనుండే బిట్టు విరిగిన చప్పుడది. విరిగిన మరుక్షణం అతను వంటింట్లో ఉండేవాడు. చేతిలో ఏది ఉంటే దానితో బాదేవాడు. ఒకసారి రేకుముక్కతో చెవి చీరాడు. ఇంకోసారి కాలే సోల్డరింగు కడ్డీ జబ్బకు ఆనించాడు. వీధిలో వాళ్లకు మాత్రం ఆయన నెమ్మదస్తుడు. నెమ్మదస్తుడట, వింటే ఒళ్లు మండుతుంది.

సుబ్బులు పిచ్చితల్లి. తప్పంతా ఆ చేతి డ్రిల్లు మీదికి నెట్టేసింది. బల్లకు బిగించి కరెంటుతో తిప్పే బెంచి డ్రిల్లు ఇంటికొస్తే బిట్లు విరగవు, బిట్లు విరక్కపోతే ఒంటిమీద దెబ్బ పడదు. ఇదీ ఆమె లెక్క. అరవై ఎనిమిదిలో తెనాలిలో ఎవరో పాత బెంచి డ్రిల్లులు అమ్ముతున్నారని తెలిసి అతను బయల్దేరితే, తనూ చీర మార్చుకుంది.

"నువ్వెందుకే?"

"తెనాలి చూసి చాలా రోజులైందండి."

పాత ఇనప సామాన్ల పేరయ్య రెండు డ్రిల్లులు చూపించాడు. ఒకటి ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతోంది. రెండోది తుప్పుపట్టి మూల నక్కింది. జనార్దనరావు పచ్చదాన్ని చూసి మురిసిపోయాడు. సుబ్బులు చూపు రంగు మీద ఆగలేదు. అతను బెజ్జాలు వేస్తుంటే రేకు అదిమిపట్టేది ఆమే. బిట్టు ఊగితేనే విరుగుతుందని ఆమెకు తెలుసు. మెల్లగా వెళ్లి, బిట్టు బిగించే మూతిని పట్టుకుని అటూ ఇటూ ఆడించింది. అది వదులైన పన్నులా కదిలింది.

"ఊగుతోందండి," అంది.

నలుగురిలో కొట్టడు, పెద్దమనిషి కదా. పక్కకు వచ్చి నిలబడి, చెప్పుకాలితో ఆమె కాలి వేళ్లు తొక్కిపట్టి నలిపాడు. సుబ్బులు కాలు తియ్యలేదు. తీస్తే మాట ఆగిపోతుంది.

"ఆ రెండోది కూడా ఓసారి చూడండి," అంది.

పేరయ్య నవ్వేశాడు. "చెల్లెమ్మ కనిపెట్టేసిందండి. పచ్చదాని బేరింగు పోయింది. సారు అడగలేదని చెప్పలేదు."

తుప్పుదే కొన్నారు. బాపట్ల స్టేషన్లో దిగేసరికి ఆమె బొటనవేలి గోరు నల్లబడింది. అయినా సుబ్బులు లోపల్లోపల పండగ చేసుకుంది.

మర్నాడు దాన్ని పాకలో బల్లకు బిగించాడు. స్విచ్చి వేస్తే బిట్టు నిలకడగా తిరిగింది. మొదటి బెజ్జం చక్కగా పడింది, రెండోదీ అంతే. జనార్దనరావు నవ్వుతూ ఆమెను కేకేశాడు. ఆమె కూడా నవ్వుతూనే వచ్చింది.

అతను చెంప పగిలేలా కొట్టాడు.

"పేరయ్య ముందు నన్ను వెధవను చేస్తావా?" గొంతు కూడా పెంచలేదు. ఎడంచేత్తో జడ చుట్టిపట్టి, ఆమె మొహాన్ని తిరుగుతున్న బిట్టు దగ్గరికి వంచాడు. "నువ్వు ఎంచిందే కదా, దగ్గర్నుంచి చూడు."

బిట్టు గాలి కనురెప్పకు తగిలింది. ఏదీ విరగలేదు. ఇతనికి కోపం కూడా లేదు. తెనాలి నుంచి ఈ దెబ్బను జాగ్రత్తగా దాచుకుని తెచ్చుకున్నాడు. ఇన్నేళ్లు తను ఇనుముకు అంటగట్టిన పాపం ఇనుముది కాదని సుబ్బులుకు అప్పుడు తెలిసింది. చెయ్యి చాపితే బల్ల మీద సుత్తి తగిలింది. డ్రిల్లు పిడి పట్టుకున్న అతని కుడి మణికట్టు మీద బలమంతా పెట్టి కొట్టింది. ఎముక పటుక్కుమంది. జడ వదిలేసి అతను గావుకేక పెట్టాడు. ఆమె ఇంకో దెబ్బ కూడా వేసింది. అది అక్కర్లేనిదే, కానీ వేసింది.

కట్టుబట్టలతో తెనాలి వెళ్లి, రేపల్లె బండెక్కింది. రేపల్లెలో, బిట్టు విరిగి కొట్టాడంటూ ఇలా వచ్చినప్పుడల్లా నచ్చజెప్పి వెనక్కి పంపేసే అన్న అంకారావు, వాచిన ఆమె మొహం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏం విరిగిందమ్మా?"

"ఆయన చెయ్యి అన్నయ్యా," అంది సుబ్బులు. "నన్ను లోపలికి రానీ."

అంకారావు పక్కకు తప్పుకున్నాడు.