అత్త వేసిన జారుముడి

నా చిన్నప్పుడు మా ఇంటికీ బడికీ మధ్య ఒక కాలువ ఉండేది. దాని మీద రెండు కొబ్బరి మానులు పక్కపక్కన పడేసి, అదే వంతెన అనేవాళ్లు. నాలుగో తరగతిలో ఒక వానరోజు కాలు జారి అందులో పడ్డాను. చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాళ్లు చూసి, జుట్టు పట్టి పైకి లాగారు కాబట్టి బతికిపోయాను. ఆ తర్వాత ఆ మానుల మీద అడుగు పెట్టమంటే ప్రాణం పోయినంత పనయ్యేది. రోజూ నాన్నే ఎత్తుకుని దాటించేవారు. తొమ్మిదేళ్ల పిల్ల తండ్రి భుజమెక్కి బడికొస్తే తోటిపిల్లలు ఊరుకుంటారా! చివరికి అమ్మ, వేసవి సెలవులయ్యాక నన్ను ఆలమూరులో అమ్మమ్మ దగ్గర ఉంచి చదివించాలని తీర్మానించింది. అమ్మను వదిలి ఉండాలన్న మాట తలుచుకుంటేనే నాకు అన్నం సహించేది కాదు.

అప్పుడు మా మేనత్త కలగజేసుకుంది. మావయ్య మస్కట్‌లో ఉండటంతో అత్త మా ఇంట్లోనే ఉండేది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది.

"కాలవ కట్టేసేలోపు దీనికి ఈత నేర్పేస్తానండి వదినగారూ. అప్పుడు ఎలా పంపుతారో చూస్తాను" అంది. ఎండాకాలం కాలువలకు నీళ్లు ఆపేస్తారు. అందుకు ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి.

మొదటి రోజు అసలు ఈతే లేదు. నడుం లోతులో నిలబెట్టి, ఖాళీ బిందె నా చేతికిచ్చి, నీళ్లలోకి నొక్కమంది. బలమంతా పెట్టినా అది మునగలేదు సరికదా, నా చేతుల్నే పైకి తోసింది. తర్వాత అత్త బిందె మూతి వంచి నీళ్లు పట్టించింది. బుడబుడమంటూ అడుక్కి పోయింది.

"చూసేవా? లోపల గాలున్నంతసేపూ నీళ్లే మోస్తాయి. నీ రొమ్ము కూడా బిందేనే. పడ్డప్పుడు కెవ్వుమని అరిచి, ఉన్న గాలి కాస్తా వదిలేసుంటావు. నోరు మూసుకో, ఊపిరి పట్టు."

మర్నాటి నుంచి, మా వైపు పిల్లలకు కట్టినట్టే, పైన పీచు డొక్క తీయని రెండు ఎండు కొబ్బరికాయలు నా నడుముకు కట్టింది. కాయలున్నంతసేపూ నేను చేపపిల్లనే. విప్పుతానంటే మాత్రం గట్టు దిగేదాన్ని కాదు.

నీళ్లు ఆపేసే ముందురోజు అత్తతో పాటు అవతలి గట్టు నుంచి ఈదుకొస్తుంటే, నా పక్కనుంచి రెండు కాయలు జంటగా కొట్టుకుపోతూ కనిపించాయి.

"అత్తా, ఎవరివో కాయలు పోతున్నాయి!"

"నీవేనే పిచ్చిమొహమా! నోరు మూసుకో, ఊపిరి పట్టు!"

ఆ రోజు అత్త కావాలనే జారుముడి వేసిందట. ఈత ధ్యాసలో అది ఊడిన సంగతి నాకు తెలియనే లేదు. కెవ్వుమని అరవబోయాను. అంతలో బిందె గుర్తొచ్చింది. నోరు మూసి ఊపిరి బిగబట్టాను. నీళ్లు నన్ను పైకి తోశాయి. నాలుగు బారలు వేసేసరికి కాళ్లకు బురద తగిలింది.

గట్టెక్కి ఏడ్చాను. అత్తను తిట్టాను కూడా. అత్త నా తల తుడుస్తూ, "నా చెయ్యి నీ పొట్ట కిందే ఉందే, జానెడు దూరంలో. నువ్వు చూసుకోలేదంతే" అంది. తర్వాత, చూడ్డానికొచ్చి గట్టు మీద కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ అమ్మ వైపు తిరిగి, "ఏమండీ వదినగారూ, ఆలమూరు పంపుతారా?" అని అడిగింది.

"ఆయ్, పంపనులే" అంది అమ్మ.

జూన్‌లో కాలువకి మళ్లీ కొత్త ఎర్రనీళ్లు వచ్చాక ఆ మానుల మీద నేనే నడిచి బడికెళ్లాను.

నీళ్లు మనిషిని మోస్తాయని ఆనాడే తెలిసింది. అంత దగ్గర చెయ్యి పెట్టుకుని తాకకుండా ఉండటం ఎంత కష్టమో మాత్రం నిరుడు మా అమ్మాయి స్కూటీ నేర్చుకున్నప్పుడు తెలిసింది. బండి వెనకే పరిగెత్తాను. సీటుకి జానెడు దూరంలో నా చెయ్యి ఉంది. నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను.