కొత్త అల్లుని నల్లి బొక్క

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్‌లో మా సంతోషమ్మవ్వకు కూర్చుని తినడమంటే ఒళ్లు మంట. షేర్ ఆటో దిగబోయి పడి తొడ ఎముక విరిగినప్పటి నుంచి పూలతోటల్లో కూలికి పోలేక, ఇరుగుపొరుగు మేక ఎముకలు కాచి తెచ్చే బొక్కల చారు తాగుతూ, తెచ్చినవాళ్లనే తిట్టేది. ఎముక అతికిందని దవాఖానలో చెప్పి నెలలైంది. అయినా పడతానన్న భయంతో చేతికర్ర వదల్లేదు.

మొన్న ఆమె మనవరాలి పెళ్లి విందులో, వడ్డిస్తున్న పక్కింటి నర్సింహ మూలుగు నిండిన నల్లి బొక్కను ఏరి అవ్వ ప్లేటులో వేశాడు. మా వైపు అది కొత్త అల్లుడికి దక్కాల్సిన ముక్క.

"గిది అల్లునికి వెయ్యాలె గదరా! మతి ఉన్నదా నీకు?" అని కసిరింది.

"తిను అవ్వా, నీ కాలుకు బలమొస్తది."

"నా కాలుకేమైంది?" అంటూ రెండు చేతులా ప్లేటు పట్టుకుని లేచింది. టేబుళ్ల వరుస దాటి వెళ్లి, నల్లి బొక్కను పెళ్లికొడుకు ప్లేటులో వేసింది. "తిను బిడ్డా, గిది నీది."

తినేవాళ్లంతా చేతులాపి ఆమెనే చూశారు.

"గట్ల జూస్తరేంది?" అని గదమాయించింది.

చేతికర్ర ఆమె కుర్చీ దగ్గరే ఉండిపోయింది.