నవోమి గారు గ్యారేజీలో పెట్టిన పోపు

నవోమి గారికి వంట రాదని వాళ్ళాయన దేవకుమార్ గారే అందరికీ చెప్పి నవ్వించేవారు. "చేపల పులుసు ఒక్కటి బ్రహ్మాండంగా పెడుతుంది. మిగతావి ప్రార్థన చేసుకుని తినాల్సిందే" అనేవారు. ఆవిడా నవ్వేసేవారు. పుట్టింది నరసాపురంలో. మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ చదివి, డెబ్భై ఆరులో డెట్రాయిట్ వచ్చారు. అప్పటినుంచీ రాత్రి డ్యూటీలే. నలభై దాటాక కారు నేర్చుకుని, మంచులో సైతం ఒక్కరే డ్రైవ్ చేసుకుంటూ ఆస్పత్రికి వెళ్ళొచ్చేవారు.

డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉన్నా మాకు పెద్ద స్నేహం లేదు. ఆదివారాలు ఆవిడ తెలుగు ప్రార్థనకి వెళ్ళేవారు, మేం ఎవరింట్లోనన్నా సత్యనారాయణ వ్రతం ఉంటే అక్కడికి పోయేవాళ్ళం. ఇండియన్ షాపులో ఎదురుపడితే పలకరింపులు, అంతే.

ఎనభై మూడు చివర్లో నా రొమ్ములో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చేశారు. కొత్త సంవత్సరం రాగానే కీమో మొదలుపెట్టారు. వాంతుల సంగతి ముందే చెప్పారు కానీ రుచి సంగతి ఎవరూ చెప్పలేదు. ఏం తిన్నా నోట్లో ఇనపమేకు పెట్టుకున్నట్టుండేది. అన్నం ఇనుమే, పాలు ఇనుమే. పోపు వాసనొస్తే చాలు, బాత్‌రూమ్‌కి పరుగెత్తేదాన్ని. దాంతో మా ఆయన శ్రీధర్ పోపు డబ్బా తీసి అటక మీద పెట్టేశాడు. నేను రోజురోజుకీ చిక్కిపోయాను. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో పడుకోబెట్టి ట్యూబుతో ఆహారం ఎక్కించాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

ఈ మాట శ్రీధర్ షాపులో నవోమి గారితో అన్నాడట. మర్నాడు పొద్దున్నే ఆవిడ డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికొచ్చేశారు. తెల్ల యూనిఫామ్ మీద పెద్ద కోటు, కాళ్ళకి మంచు బూట్లు.

"ఏం తినాలనుందమ్మా?" అన్నారు సోఫా పక్కన కూర్చుని.

"ఏమీ లేదండీ."

"సరే, తినద్దు. చిన్నప్పుడు జ్వరం తగ్గాక మీ అమ్మగారు ఏం పెట్టేవారు?"

ఆలోచించాల్సిన పని లేకపోయింది. "దప్పళం" అన్నాను.

"అంటే?"

ఆట పట్టిస్తున్నారనుకున్నాను. "దప్పళం తెలీదా మీకు? ముక్కల పులుసండీ!"

"నిజంగా తెలీదమ్మా. మా ఇంట్లో పులుసంటే అందులో చేప ఉండాలి."

చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది.

మర్నాడు సంచీ నిండా కూరగాయలు తెచ్చారు. గుమ్మడికాయ బదులు బటర్‌నట్ స్క్వాష్, సొరకాయ బదులు జుకినీ, చిలగడదుంపలు, ఉల్లిపాయలు. వంటింట్లో కత్తి చప్పుడు టకటకా వినిపిస్తుంటే నేను పడుకోలేకపోయాను. గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి చూస్తే, ముక్కలు సన్నగా తరిగేస్తున్నారు.

"అంత చిన్నవైతే కరిగిపోతాయండీ. పులుసులో ముక్క ముక్కలా కనబడాలి."

"చెప్పాలిగా మరి! ఇక్కడ కూర్చుని చెప్పు" అని కుర్చీ జరిపారు.

కూర్చున్నాను. ముందు ముక్కలు పసుపు, ఉప్పు వేసి ఉడికించాలన్నాను. చింతపండు రసం అవి మెత్తబడ్డాకే పోయాలి, ముందే పోస్తే చిలగడదుంప బిరుసెక్కిపోతుంది. బెల్లం లేదు కాబట్టి బ్రౌన్ షుగర్. చిక్కదనానికి శనగపిండి కలిపిన నీళ్ళు, ఉండ కట్టకుండా. నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. పులుసు కుతకుతా ఉడుకుతోంది.

"ఇంక పోపే కదా?" అన్నారు.

"అది వద్దండీ, అలాగే దించేయండి."

"పోపు లేకుండా మీ అమ్మగారు పెట్టేవారా?"

"లేదు."

ఆవిడ కోటు తొడుక్కుని, చిన్న కరెంటు పొయ్యి, గరిటె, పులుసు గిన్నె పట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళి తలుపు వేసేసుకున్నారు. పొగ పోవడానికి వీధివైపు షట్టరు సగం పైకెత్తారు. బయట ఎముకలు కొరికే చలి. కిటికీలోంచి చూస్తే పక్కింటి ముసలాయన మంచు తోడే పార పట్టుకుని పరుగున వస్తున్నాడు.

"ఈజ్ దేర్ ఎ ఫైర్?" అని ఆయన కేక.

"నో ఫైర్! మస్టర్డ్!" అని లోపల్నించి నవోమి గారి జవాబు.

ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ వేయించి పులుసులో కలిపి, మూత పెట్టి, పొగంతా పోయేదాకా ఆ చలిలోనే నిలబడ్డారు. వాసన పట్టిన కోటు అక్కడే వదిలేసి, వణుకుతూ లోపలికొచ్చి చేతులు కడుక్కున్నారు.

మెత్తటి అన్నంలో కాస్త పులుసు కలిపిచ్చారు. పులుపు తగిలి దవడల కింద ఝుమ్మంది. ఇనుము పోలేదు. కానీ దాని వెనకాల ఇంకేదో ఉంది.

"ఉప్పు చాల్లేదండీ" అన్నాను.

ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నాకు భయమేసింది. "ఏమైందండీ?"

"ఉప్పు తెలిసిందా నీకు?" అన్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

ఆ సాయంత్రం సగం కక్కేశాను. ఫోన్‌లో చెబితే "సగం నిలిచిందిగా" అన్నారు.

చలికాలమంతా అలాగే వచ్చారు. నేను లేవలేని రోజున మంచం దగ్గరే కూర్చుని వెళ్ళేవారు. ఒకసారి నీరసంతో, కోపంతో అడిగేశాను: "ఇదంతా ఎందుకు చేస్తున్నారండీ? నన్ను మీ ప్రార్థనలకి పిలవడానికా?"

నొచ్చుకుంటారనుకున్నాను. నొచ్చుకోలేదు. "నీకోసం ప్రార్థన నిన్నడక్కుండానే చేస్తున్నానమ్మా. అది ప్రభువుకీ నాకూ మధ్య. ఇది నీకూ నాకూ మధ్య. ఇంతకీ ఇందులో టర్నిప్ వేయచ్చా?"

వేయచ్చన్నాను. బాగానే ఉంది కూడా. మార్చి వచ్చేసరికి పులుసు నేనే కలపడం మొదలుపెట్టాను, ఆవిడ ముక్కలు తరిగేవారు. ట్యూబు అవసరం రాలేదు. ఎండాకాలానికి మందులు పూర్తయ్యాయి, జుట్టు ఉంగరాలు తిరుగుతూ మొలిచింది.

ఎనభై ఆరులో దేవకుమార్ గారికి వర్జీనియాలో ఉద్యోగం దొరికి వాళ్ళు షాంటిలీ వెళ్ళిపోయారు. సామాను సర్దుతుంటే సాయానికి వెళ్ళాను. ఆవిడ ఇంట్లో లేరు, ఆస్పత్రిలో ఆఖరి డ్యూటీ పూర్తి చేసి మధ్యాహ్నానికి వచ్చారు.

ఐదేళ్ళు దాటాక, ఎనభై తొమ్మిదిలో, ఇంక భయం లేదన్నాడు మా డాక్టరు. శ్రీధర్‌కి చెప్పి, వెంటనే నవోమి గారికి ఫోన్ చేశాను.

"స్తోత్రం" అన్నారు వినగానే. "చాలా సంతోషం నళినీ. ఉంటానమ్మా, డ్యూటీకి టైమవుతోంది."