ఈలక్క ముందుపన్ను

బస్సులో అందరూ ఆమెను ఈలక్క అంటారు. కండక్టరుగా చేరినప్పటి నుంచీ విజిల్ ఆమె ముందుపళ్ల మధ్యే ఉంటుంది. చేతులు టికెట్లకూ చిల్లరకూ చాలవు మరి. ఆమె ఊదందే బస్సు కదలదు. కిటికీల్లోంచి పొద్దుటి ఎండ సీట్ల మీదికి వాలే వేళ, ఆ ఈల విని వీధులు ఒత్తిగిల్లి లేచేవి.

డిపోకి కొత్త మేనేజరు వచ్చి ట్రిప్పుల సమయం కుదించాడు. ఆఖరి స్టాపులో గుక్కెడు నీళ్లు తాగే వ్యవధి పోయింది. ఆలస్యమైతే నోటీసు. మెట్టు మీద ఎవరి కాలైనా తడబడితే, ఇటు గడియారం, అటు ఆ కాలు, మధ్యలో ఆమె దవడ బిగుసుకునేది. ఇంటికొచ్చాక పళ్లు తోముకునే ఓపిక కూడా ఉండేది కాదు. కొన్నాళ్లకు చిగుళ్లలోంచి నెత్తురు వచ్చింది. తర్వాత ముందుపన్ను కదలసాగింది.

తప్పంతా ఇనప విజిల్‌దే అనుకుని ప్లాస్టిక్‌ది కొంది. అదీ నెల తిరక్కుండానే నలిగిపోయింది.

"పీకెయ్యండి డాక్టరమ్మా, పీడా పోతుంది," అంది పళ్ల డాక్టరుతో.

డాక్టరమ్మ విజిల్ తిప్పి చూసింది. "దీన్ని కుక్కకేమైనా వేశావా?"

"నా కొరుకుడే."

"ఎవరి మీద కోపం?"

ఈలక్క విజిల్ లాక్కుని జేబులో వేసుకుంది.

"పళ్లకి గార పట్టింది, గీకేస్తాను. కానీ దిగులూ హడావుడీ ఇలాగే ఉంటే చిగుళ్ల వాపు ఓ పట్టాన తగ్గదు. నోరెండిపోతుంది. వాచిన చిగుళ్ల మీద దవడ బిగిస్తే పన్ను ఇంకా వదులవుతుంది. ఇప్పుడైతే నిలబెట్టొచ్చు. నీళ్లు తాగు, రెండు పూటలా తోముకో, దవడ వదులుగా ఉంచు. ఈలని పళ్లతో పట్టుకోకు."

"మరి మా మేనేజర్ని ఎవరు పీకుతారు?"

"అది నా క్లినిక్‌లో చెయ్యరమ్మా."

ఇద్దరూ నవ్వారు. నవ్వినా నొప్పేసింది. ఆ నొప్పే ఈలక్కకు రోషం తెప్పించింది.

మర్నాడు విజిల్‌ను తాడుకట్టి మెడలో వేసుకుంది. ఆఖరి స్టాపులో దిగి కుళాయి కింద నోరు పుక్కిలించి, తీరిగ్గా నీళ్లు తాగింది.

"అక్కా, టైమైపోయింది. మేనేజరు తనిఖీకి వస్తున్నాడు," అన్నాడు డ్రైవరు.

"రానీరా తమ్ముడూ."

మేనేజరు వచ్చాడు. "ఏమ్మా, ఇది బస్టాండా, మీ పుట్టింటి అరుగా?"

"మా పుట్టింట్లో నీళ్లు తాగొద్దనేవాళ్లు లేరు సార్."

"నోటీసిస్తాను!"

"ఇవ్వండి, తీసుకుంటాను. పన్ను మాత్రం ఇవ్వను."

అప్పుడే సంచీతో ఒక ముసలమ్మ మెట్టెక్కబోయింది. ఈలక్క ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"మెల్లిగా పెద్దమ్మా. బస్సెక్కడికీ పోదు."

"బాబూ, ఎక్కుతావా, అడ్డు తప్పుకుంటావా?" అంది ముసలమ్మ మేనేజరుతో. లోపలున్నవాళ్లు గొల్లున నవ్వారు. మేనేజరు పక్కకు జరిగాడు.

ముసలమ్మ కూర్చుని సంచీ ఒళ్లో సర్దుకునేదాకా ఈలక్క ఆగింది. తర్వాత విజిల్ ఎత్తి పెదాలకు మాత్రమే ఆనించి, రోడ్డు చివరిదాకా వినబడేలా ఊదింది.