జానెడు తక్కువైన మఖమల్ తెరలు

మా ఊరి దర్జీ మొన్న మంగళవారం పొద్దున చనిపోయాడు. కూలికొచ్చిన ఆడవాళ్లు కల్లం దగ్గర చెప్పుకుంటుంటే నా చెవిన పడింది. మాకు కబురు పంపాలని వాళ్లకు తోచలేదు. తోచేటట్టు మేం ఏనాడూ మసలుకోలేదు. చేతిలో చేట అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. ఈ మధ్య ఎవరు పోయినా నాకు ఏడుపు రావడం లేదు, అలసట వస్తోంది. ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే మాత్రం ఈ అలసట దిగేటట్టు లేదు.

తర్లుపాడుకు కోసెడు దూరంలో మా ఊరు. ఆయనది ఊరి బయట పాలెంలో క్రైస్తవుల ఇల్లు. చిన్నతనంలో మిషను దొరసాని దగ్గర కుట్టు నేర్చుకుని, బంగళా కిటికీలకు తెరలు కుట్టిన చెయ్యి. మా ఇంట్లో రవికలు, చొక్కాలు అన్నీ ఆయన కుట్టినవే. ఎన్నిసార్లు వచ్చినా అరుగు దగ్గరే ఆగేవాడు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడేవాడు కాబట్టి సగం మాటలు మనమే పూరించుకోవాలి. గుడ్డకు కత్తెర పెట్టే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. ఎందుకని అడిగితే, "కత్తెర పడినాక గుడ్డ మన మాట వినదమ్మా" అనేవాడు.

నేను కాపురానికొచ్చిన రెండో ఎండాకాలం నాకు తట్టు పోసింది. ఒంటి మీద తగ్గింది గానీ కళ్లకు దిగింది. వెలుతురు తగిలితే కళ్లలో కారం పడ్డట్టుండేది. మార్కాపురంలో చూపిస్తే డాక్టరమ్మ, గది చీకటిగా ఉంచమనీ, ఎండ తగిలితే చూపు మీద ఆశ వదులుకోమనీ చెప్పింది. మా పడకగదికి ఉన్నది ఒకటే కిటికీ, పడమటి వైపు, తలుపంత పొడుగు, రెక్కలు లేని ఉత్త ఊచలు. రాళ్లు పేర్చి మూసేద్దామంటే ఆ ఎండలకు లోపల మనిషి ఉడికిపోతుంది. గోనెసంచులు కట్టి చూశారు, ఎండ వాటి సందుల్లోంచి దిగింది.

మఖమల్ తెరలు వేయమని చెప్పింది దర్జీయే. మా ఆయన కంభం పోయి దుకాణంలో మూడు రంగుల ముక్కలు అడిగి తెచ్చాడు. పడకగదికి మఖమల్ కట్టడం మేమెవరం ఎరగం. మా అత్త ఆ ముక్కలు తిరగేసి, "పచ్చది దర్గాకు కప్పేది. ఎర్రది దేవుని పల్లకీది. ఈ నేరేడు రంగుదేంది, కిరస్తానపోళ్ల శవప్పెట్టె మీద గుడ్డ మాదిరుంది. కోడలు పండుకునే గదికి వీటిల్లో ఏది కడ్తార్రా?" అంది.

అరుగు మీద నుంచి దర్జీ నవ్వు వినపడింది. "కండ్ల కోసం కట్టేదానికి రంగుతో ఏం పని పెద్దమ్మా? ఎండకు అడ్డం పెట్టి చూడండి. ఏది చీకటిగుంటే అదే మనది."

మా ఆయన ఒక్కో ముక్కా ఎత్తి ఎండకు అడ్డం పట్టాడు. నేరేడు రంగే నెగ్గింది.

చిక్కు కొలత దగ్గర వచ్చింది. దర్జీ తన టేపు అరుగు మీద పెట్టి దూరం జరిగాడు. మా అత్త దాన్ని ముట్టలేదు. లోపలికొచ్చి తన చేత్తోనే మూరలేసి, "నాలుగు మూరలు" అని కేకేసింది.

"ఎవరి మూర పెద్దమ్మా?"

"ఎవరిదేందిరా? మూరంటే మూరే."

మా అత్త నిలువెత్తు మనిషి. ఆమె మూర అందరి మూర కాదు. ఆయన మాత్రం ఎదురు చెప్పలేక మూరకు అరగజం లెక్కన గుడ్డ తెప్పించి కోశాడు. కట్టే రోజు కూడా అరుగు మీద నుంచే మా ఆయనకు నేర్పాడు. "మఖమల్‌ది పిల్లి నైజమయ్యా, ఎదురు నిమిరితే ఊరుకోదు. నున్నగా పోయే దిక్కు పైకి పెట్టు, ఇంకా నలుపు దిగుతది." అంతా చెప్పినట్టే చేశారు. కింద జానెడు తక్కువైంది. సాయంత్రపు ఎండ ఆ జానెడులోంచి వచ్చి మంచం మీద పడింది. దుకాణంలో ఆ గుడ్డ అయిపోయిందన్నారు. నేను మొహం కప్పుకుని ఏడ్చాను.

"గది ఒక్కసారి చూస్తే ఏదన్నా ఉపాయం చెప్తా పెద్దమ్మా" అన్నాడాయన. మా అత్త గడపకు అడ్డం నిలబడింది. అంతవరకు ఆమె ముందు గొంతెత్తని నేను, "నా కండ్లు పోయినాక నీ ఆచారం ఏం చేసుకుంటావత్తా!" అని అరిచాను. ఆమె పక్కకు జరిగి, "సరే, రానీ" అంది.

గోడకు కూడా తగలకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని వచ్చాడు. కిటికీ వైపు ఒకసారి చూశాడు. "పైన చూరు దిగి ఉంది గదా, ఆడ ఎండే లేదు. తెర కట్టిన కమ్మీ జానెడు కిందికి దించితే సరిపాయె." రెండు మేకులు పీకి కింద కొట్టాడు. గది చీకటైంది. పనంటే అంతే పని. మొదటి రోజే గది చూడనిచ్చి ఉంటే నాకు ఆ ఏడుపు తప్పేది.

ఆయన ఇంకా అరుగు మీద సామాన్లు సర్దుకుంటుండగానే మా అత్త గదిలో పేడనీళ్లు చల్లింది. ఆ చప్పుడు ఆయనకు వినపడింది.

"పెద్దమ్మా, నీళ్లు తెర అంచుకు తగలనియ్యొద్దు. మఖమల్‌కు మచ్చ పడ్తది" అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా గుడ్డ గురించే చెప్పాడు. చీకట్లో పడుకుని నేను విన్నాను, నోరు మెదపలేదు. మా అత్త చెడ్డది కాదు, నలభై రోజులు నా కళ్లు కడిగిన చెయ్యి ఆమెది. ఆమెకు తెలిసిన ఆచారం ఆమె చేసింది. నా ధైర్యం మాత్రం నా కళ్ల వరకే పనికొచ్చింది.

చూపు నిలబడింది. ఈ అక్షరాలు రాస్తున్నది ఆ చూపుతోనే. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా, "కండ్లెట్లున్నాయమ్మా?" అని అరుగు మీద నుంచే అడిగేవాడు. బాగున్నాయనేదాన్ని. మా అత్త పోయి, ఇంటి పెత్తనం నా చేతికొచ్చి ఎన్నో ఏళ్లయింది. లోపలికి రమ్మని ఒక్కసారి కూడా అనలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నమే పాలెం పోయాను. పుట్టి బుద్ధెరిగి అదే మొదటిసారి. ఆయన భార్య వచ్చినవాళ్లకు వాకిట్లో చాపలు పరుస్తోంది. మా వైపు వరస లేకుండా ఎవరినీ పిలవం. గాజులమ్మే సాయిబు మాకు మామ, చాకలి ముసలాయన తాత. పాలెం వాళ్లకే మా నోట వరస లేదు. ఆయన ఎప్పుడూ దర్జీ, ఆమె దర్జీ పెండ్లాం.

దగ్గరికి పోయి, "అక్కా" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. నేను పిలిచింది ఎవరినోనని వెనక్కి తిరిగి చూసింది.